వెనక పిప్పి కుప్ప లేదు

ఫిబ్రవరి 6, గురువారం

గున్నూ,

చుట్టాలందరూ వెళ్ళిపోయారు. నీ పెద్దదినానికి తెచ్చిన వంట గిన్నెలు కూడా అద్దెవాళ్ళు పట్టుకుపోయారు. ఇంట్లో ఇంక చప్పుడు లేదు. నీ ట్రైనింగు పుస్తకంలో సగం కాగితాలు ఖాళీగా ఉన్నాయి, వాటిలో రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. ఒత్తులు తప్పు పడితే నువ్వు నవ్వుతావు. నవ్వు.

నువ్వు పనిచేసిన మతిమరుపు ముసలివాళ్ళ హోములో, మేడ మీద, సత్తియ్య అనే ముసలాడు నీ జడ పట్టుకుని నిన్ను మెట్ల మీదకి విసిరేశాడు. తల పగిలి చచ్చిపోయావు. ఇది రాసి పెట్టుకోవాలి. లేకపోతే పొద్దున్న లేచిన ప్రతిసారీ నాకు కొత్తగా తెలుస్తోంది.

మీ నాన్న కెమెరాలో చూశాడు. నన్ను చూడనివ్వలేదు. చూసి బయటికొచ్చి ఆ హోము గుమ్మం అద్దాన్ని రాయి పెట్టి కొట్టాడు. రాయి జారిపోతే ఉత్త చేత్తో కొట్టాడు. అరచేతికి కుట్లు పడ్డాయి. పరవాడ కంపెనీ బస్సు తోలడానికి ఇంకా పోవడం లేదు.

మతి లేని మనిషి మీద కేసు నిలబడదన్నారంట స్టేషన్లో. మతి లేదంట. జడ ఎక్కడుందో తెలిసే మతి ఉంది. జారకుండా చేతికి చుట్టుకునే మతి ఉంది.

ఫిబ్రవరి 8, శనివారం

ఈ రోజు ఏమీ రాయను.

ఫిబ్రవరి 10, సోమవారం

ఆ హోములో పనికి చేరాను.

నీ తర్వాత వంటమనిషి భయపడి మానేసిందని బజార్లో విన్నాను. మోదమ్మ పిన్ని ఆధార్ కార్డు అడిగి తీసుకున్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. మేనేజరు ఫణీంద్ర గారు మీ నాన్నని చూశారు గాని నన్ను చూడలేదు. ఆ వారమంతా నేను మంచం దిగలేదు కదా.

“పేరేంటమ్మా?” అన్నారు.

“మోదమ్మండి.”

“పాతిక మందికి వంట. ఉప్పూ కారం తక్కువ. చెయ్యగలవా?”

“సేత్తానండి.”

ఆయన కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించారు. “ఇక్కడ మొన్న ఒక అమ్మాయి పోయింది. నీకు తర్వాత ఎవరో చెప్తే బాగోదు, నేనే చెప్తున్నాను. భయం లేదు కదా?”

“నాకు భయమేటండి,” అన్నాను.

నేను ఏం చెయ్యడానికీ వెళ్ళలేదు గున్నూ. నువ్వు తిరిగిన చోటు చూద్దామని, అంతే. కొడవలి సంచిలో పెట్టుకున్నాను. వచ్చేటప్పుడు దార్లో గడ్డి కోద్దామని.

మనకి ఇప్పుడు గేదె లేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

నీ స్నేహితురాలు చిన్నారి నన్ను చూసి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. నీతో ఒకసారి మనింటికి వచ్చింది కదా, చేపల పులుసు తిని వెళ్ళింది.

“పిన్నీ! నువ్వా? ఏటి సేత్తన్నావిక్కడ?”

“వంట.”

“బాబాయికి తెలుసా?”

“నోరు ముయ్యి. నా పేరు మోదమ్మ.”

అది నా సంచి వైపు చూసింది. కొడవలి పిడి పైకి కనబడుతోంది. ఉల్లిపాయలు తీసుకుని నా పక్కన కూర్చుని తరిగింది. ఏడ్చింది. ఉల్లిపాయలకే అంది.

ఫిబ్రవరి 13, గురువారం

చూశాను వాణ్ణి.

రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను. ఇంతే మనిషి. చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది. చేతులు మాత్రం పెద్దవి. మెట్లెక్కగానే పక్కన కుర్చీలో కూర్చుని ఉంటాడు. మోచేతుల దాకా తెల్లటి చుక్కల్లా మచ్చలు. ఆ మచ్చలు ఎలా వస్తాయో నాకు తెలుసు. వాటి గురించి రాయను.

అన్నం పెడితే తలెత్తి, “ఒలే గుంటా, సెరుకు బండొచ్చిందేటి?” అని చిన్నపిల్లని పిలిచినట్టు అడిగాడు.

“రానేదు,” అన్నాను.

“బేగి రమ్మను. నిప్పు సల్లారిపోతంది.”

శుభ్రంగా తిన్నాడు. కంచంలో ఒక్క మెతుకు వదల్లేదు. నువ్వు డ్యూటీకి టైమైపోతోందని రోజూ సగం కంచం వదిలేసి పరిగెత్తేదానివి. నిన్ను చంపినవాడు మాత్రం కంచం నాకి తింటున్నాడు. గరిటె పెట్టి వాడి కణత మీద కొట్టాలనిపించింది. ఎముక ఎక్కడ పల్చగా ఉంటుందో చూసుకున్నాను. చెవికి పైన.

గిన్నెలు తీసుకుని కిందికి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టు అంచునీ చూస్తూ దిగాను. ఎవరో బాగా కడిగారు.

ఫిబ్రవరి 18, మంగళవారం

సాయంత్రం నాలుగయ్యేసరికి వాడికి దెయ్యం పడుతుందని అందరూ అంటారు. ఈ రోజు నా కళ్ళతో చూశాను.

ఆ మేడ మీద హాలుంది కదా. నేలంతా తెల్లరాయి, మధ్యలో మాత్రం గుండ్రంగా బెల్లం రంగు గ్రానైటు పరిచి అద్దంలా మెరిపించారు. మెట్లెక్కి రెండడుగులు వేస్తే దాని మీదే కాలు పడుతుంది. పడమటి కిటికీలోంచి ఎండ సరిగ్గా దాని మీద పడుతుంది. కింద వంటింట్లో బెల్లం టీ మరుగుతుంటే ఆ ఆవిరీ వాసనా ఆ కిటికీలోంచే పైకి పోతాయి. నేను టీ వడగడుతున్నాను, పైన కేక వినబడింది. మనిషి కేకలా లేదు. పరిగెత్తాను.

చీపురు పట్టుకుని అటు పోతున్న చిన్నారి జుట్టు వాడి చేతిలో ఉంది. ఈడ్చేస్తున్నాడు. అది కిందపడింది. వార్డుబాయి వచ్చి వాడి వేళ్ళు విరిచి విడిపించబోతే ముసలాడు అతని చేతిని కొరికాడు. రక్తం వచ్చింది. వార్డుబాయి లాగి ఒకటి కొట్టాడు. ముసలాడు గోడకి తగిలి జారి, మళ్ళీ లేచి, మళ్ళీ మీదకొచ్చాడు. ఆ పక్క గదుల్లో వాళ్ళందరూ ఏడుపు. కామేశ్వరమ్మ గారని ధాన్యం వ్యాపారం వాళ్ళ పెద్దావిడ, గోడకి అతుక్కుపోయి, “కొట్టండ్రా, ఇంకోటి కొట్టండి! మా ఆయన్నీ ఇలాగే కొట్టాల్సింది!” అని చప్పట్లు.

చిన్నారి లేచి నెత్తి తడుముకుంది. వేళ్ళకి వెంట్రుకలు వచ్చేశాయి. “ఈ ముసలోడు జుట్టు తప్ప మరేదీ పట్టుకోడు పిన్నీ. రేపే నాను జుట్టు కత్తిరించుకుంటాను,” అంది.

వాణ్ణి కుర్చీకి కట్టెయ్యమన్నారు ఫణీంద్ర గారు. నాలుగింటి నుంచి దీపాలు పెట్టేదాకా రోజూ కట్టెయ్యాలంట. పాత చున్నీ తెచ్చారు. నేను కడతానన్నాను.

గట్టిగా కట్టమన్నారు. గట్టిగా కట్టాను.

విప్పేటప్పటికి మణికట్టు నల్లబడింది.

ఫిబ్రవరి 20, గురువారం

వాడి నోరు కాలింది. టీ వేడిగానే ఉంటుంది కదా. ఊదుకుని తాగాలి.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఈ రోజూ కాలింది.

ఫిబ్రవరి 24, సోమవారం

వాడి కొడుకు ధనరాజ్ వచ్చాడు. అనకాపల్లి మార్కెట్లో బెల్లం కొట్టు ఉందంట. కాగితంలో బెల్లం ముక్క తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు. పెదవి మీద బొబ్బ చూసి, “ఇదేటి నాన్నా?” అన్నాడు.

ముసలాడు నన్ను చూపించాడు.

“ఈ గుంట మంచిది,” అన్నాడు. “పనిలోకి రోజూ వత్తంది.”

ధనరాజ్ నాకు దండం పెట్టాడు. “మా నాన్న ఒకప్పుడు ఊరందరికీ పెట్టిన మనిషమ్మా. మాకు పెద్ద గానుగుండేది. ఇప్పుడిలా అయిపోయేడు. ఆ పిల్ల విషయం ఇన్నాక నాకు ముద్ద దిగడం నేదు. ఆల అమ్మా నాన్నల కాడికి ఎల్దామంటే కాళ్ళు రావడం నేదు.”

“ఎల్లకండి,” అన్నాను. “ఎల్తే సంపేత్తారు.”

ధనరాజ్ తల ఊపాడు. “సంపినా తప్పు నేదు,” అన్నాడు.

ఇంటికొచ్చి మీ నాన్నకి అన్నం పెట్టాను. ఆయన కుట్లు వేసిన చేత్తో కలుపుకోలేక చెంచాతో తింటున్నాడు. పాచిపనికి కుదిరానని చెప్పాను ఆయనకి. నమ్మాడో లేదో అడగలేదు.

మార్చి 1, శనివారం

కొడవలి నూరించాను. గడ్డికి పదును ఉండాలి.

మార్చి 4, మంగళవారం

విశాఖపట్నం నుంచి సుచిత్ర గారని ఒకావిడ వచ్చారు. మతిమరుపు ఉన్నవాళ్ళకి ఇల్లు ఎలా ఉంటే బాగుంటుందో చూసి చెప్పే ఉద్యోగమంట. నీ సంగతి బయటికొచ్చాక యజమాని గారే పిలిపించారు. ఇల్లు చూడడానికి ఉద్యోగమేంటి అనుకున్నాను.

ఆవిడ పసుపు రంగు కళ్ళద్దాలు పెట్టుకుని, మోకాళ్ళు వంచి, గోడ పట్టుకుని ముసలిదానిలా మేడంతా తిరిగారు. ముసలివాళ్ళ కళ్ళకి ఎలా ఉంటుందో ఆ అద్దాల్లో అలా ఉంటుందంట. నాకూ పెట్టారు. అంతా మసక. తెల్ల గోడా తెల్ల తలుపూ ఒకటైపోయాయి.

“ఇది కట్టినప్పుడు లాడ్జి కదండీ?” అని అడిగారు ఫణీంద్ర గారిని.

“అవునండి. తర్వాత మార్చాం.”

“అందుకే అన్ని తలుపులూ ఒకటే. లాడ్జిలో నంబరు చూసి వెళ్తారు. వీళ్ళకి నంబరు గుర్తుండదు కదా. బాత్రూం తలుపు ఏదో తెలియక పక్క గదిలో పోస్తున్నారు, మీరు తిడుతున్నారు. ఒక్క తలుపుకి వేరే రంగెయ్యండి.”

తర్వాత ఆ బెల్లం రంగు రాయి దగ్గరికి వచ్చి ఆగారు. కామేశ్వరమ్మ గారు గది నుంచి వస్తూ దాన్ని తొక్కకుండా గోడ వెంబడి చుట్టూ తిరిగి పోవడం చూశారు.

“అమ్మా, మధ్యలోంచి రావచ్చు కదా?” అన్నారు.

“నీకు కళ్ళు కనబడవా? గొయ్యి ఉంది అక్కడ,” అంది పెద్దావిడ. “నన్ను పడేసి నా గాజులు కాజేద్దామనా?”

సుచిత్ర గారు నవ్వలేదు. “తెల్ల నేల మధ్యలో ముదురు రంగు ఉంటే వీళ్ళకి గొయ్యిలా కనబడుతుంది. మెరిస్తే నీళ్ళలా కనబడుతుంది. ఈ రాయి తీసెయ్యాలి. మెట్లకి గేటు కూడా లేదేంటండీ?”

“రాయి యజమాని ముచ్చటపడి రాజస్థాన్ నుంచి తెప్పించారండి,” అన్నారు ఫణీంద్ర గారు. “గేటు సంగతి అడుగుతాను.”

రేపు నాలుగింటికి సత్తియ్యని కట్టకుండా ఒక్కసారి చూడాలంట. ఎందుకు తిరగబడుతున్నాడో చూడకుండా కట్టెయ్యడం తప్పంట.

కట్టకుండా.

మార్చి 5, బుధవారం

కొడవలి సంచిలోంచి తీసి నడుం దగ్గర చీరలో దోపుకున్నాను. నిజం రాస్తున్నాను గున్నూ. గడ్డికి కాదు.

సుచిత్ర గారు మెట్ల మీద పైనుంచి కిందిదాకా పరుపులు పరిపించారు. చిన్నారినీ మిగతా పని పిల్లల్నీ దూరంగా నిలబెట్టారు. ఆవిడ గోడ పక్కన నిలబడ్డారు. నన్ను రమ్మనలేదు. నేనే టీ ట్రే పట్టుకుని వంటింటి వెనక మెట్ల నుంచి పైకి వచ్చి, ముసలాడి ముందు నుంచే నడిచాను. ఎండ ఆ రాయి మీద భగభగమంటోంది. కిటికీలోంచి బెల్లం ఆవిరి. వాడు కుర్చీలో లేచి నిలబడ్డాడు. నేను వాడి కళ్ళలోకి చూస్తూ రాయి మీద కాలు పెట్టాను.

జుట్టు మొదలంటా ఊడొచ్చినట్టైంది. ట్రే ఎగిరిపోయింది. నా కాళ్ళు నేల మీద లేవు. వాడు కేకేశాడు. ఈసారి కేక వాడి నోటి దగ్గర నుంచి విన్నాను.

“ఎనక్కి పో! పెనం! పెనంలో పడిపోతావే!”

పరుపుల మీద వెల్లకిలా పడ్డాను. వాడు నా వెనకే దూకినట్టు వచ్చి మోకాళ్ళ మీద పడ్డాడు. చంపడానికనుకున్నాను, కొడవలి లాగాను. వాడు నా మొహం చూడలేదు. నా పాదాలు రెండూ పట్టుకుని తిరగేసి తిరగేసి చూస్తున్నాడు. ఊదుతున్నాడు. కాళ్ళ మీద పడిన టీ తుడుస్తున్నాడు.

“కాలిందా? కాలిందేటే గుంటా? నీల్లు తెండ్రా! నీల్లు!”

ఏడుస్తున్నాడు.

కొడవలి ఎత్తి ఉన్నాను. జానెడు దూరంలో మెడ. వాడు తలెత్తి దాన్ని చూసి, నా చేతిలోంచి మెల్లిగా తీసుకుని, బొటనవేలితో పదును చూశాడు. “గడ్డి కొడవలి తెచ్చేవేటి? సెరుకు దీంతో తెగదు,” అని పక్కన పెట్టాడు.

అందరూ పరిగెత్తుకొచ్చేలోపు కొడవలిని పరుపు కిందికి తోసేశాను. “ఆయన ఏమన్నాడమ్మా? ఏదో అరిచాడు, నాకు సరిగా వినబడలేదు,” అన్నారు సుచిత్ర గారు.

“ఏటీ నేదమ్మా. తిట్టేడు,” అన్నాను.

మార్చి 6, గురువారం

తిట్టాడు. తిట్టాడు. తిట్టాడు.

మార్చి 9, ఆదివారం

నువ్వు చూడలేదు గున్నూ, నువ్వు పుట్టేసరికి మన ఊళ్ళో గానుగలు మూసేశారు. చెప్తాను విను.

చెరుకు గానుగాడాక రసం పెద్ద పెనంలో పోసి మరిగిస్తారు. నలుగురు పడుకునేంత పెనం. నేలకి సమంగా ఉంటుంది. దాని కింద పొయ్యిలోకి పిప్పి తోస్తూనే ఉండాలి. పిప్పంటే రసం పోయాక మిగిలిన చెరుకు, ఎండబెడితే గడ్డిలా ఉంటుంది. ఆడవాళ్ళం దాన్ని నెత్తిన మోసుకుని పెనం పక్క నుంచే పోయేవాళ్ళం. మోపు కళ్ళకి అడ్డం. ఆవిరిలో దారి కనబడదు. సాయంత్రం ఎండ పాకం మీద పడితే నేలేదో పెనమేదో తెలియదు. వండేవాళ్ళ చేతుల మీద పాకం చిట్లి తెల్లటి మచ్చలు పడేవి. ఆ మచ్చలే.

అక్కడొక పద్ధతుంది. పెనం దగ్గర ఎవరైనా తూలితే పేరు పెట్టి పిలవకూడదు, తిరిగి చూసి పడిపోతారు. చెయ్యి అందుకోకూడదు, ఇద్దరూ పోతారు. వెనక నుంచి జుట్టు పట్టి, ఉన్న బలమంతా పెట్టి వెనక్కి విసిరెయ్యాలి. వెనకెప్పుడూ పిప్పి కుప్ప ఉంటుంది. ఎంత గట్టిగా విసిరినా మెత్తగా పడతారు.

నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు మా పొట్టిబాబు మామ నన్నలాగే విసిరాడు. నెత్తి వాచిపోయింది. “ముండాకొడకా, నా జుట్టు పీకేసేవు” అని తిట్టాను. ఆయన నా కాళ్ళు చూస్తున్నాడు. కాలిందా, కాలిందా అని.

ఇది ఎవరికీ చెప్పను.

మార్చి 12, బుధవారం

చెప్తే ఏమవుతుంది? వాడు నిన్ను కాపాడాడని చెప్పాలా? నా నోటితో? నిన్ను చంపిందెవరని అడిగితే ఏం చెప్పాలి, రాయి అని చెప్పాలా? రాయిని నేనెలా చంపను? రాయికి మెడ ఉందా?

వాడు పాపిష్టివాడు. వాడు నీ జడ పట్టుకున్నాడు.

నా నెత్తి ఇంకా నొప్పిగానే ఉంది. తల దువ్వుకోవడం లేదు.

మార్చి 14, శుక్రవారం

వాణ్ణి ఇక్కడి నుంచి పంపేస్తున్నారు. వేరే చోట ఇలాంటివాళ్ళని మంచానికి కట్టి, మత్తు మాత్రలిచ్చి పడుకోబెడతారంట. వచ్చే వారం. రాయి తియ్యరంట, దాని మీద ఎర్ర కార్పెట్టు వేస్తారంట. సుచిత్ర గారు ఫోన్లో గట్టిగా వాదిస్తున్నారు, వంటింట్లోకి వినబడింది. “మనిషిని మార్చడం కాదండీ, నేల మార్చండి! కార్పెట్టు వేస్తే దాని అంచు కూడా గొయ్యే. ఈయన పోతే ఇంకొకరు.”

ధనరాజ్ మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. “కట్టేత్తారంట మోదమ్మా,” అన్నాడు. “ఆ సేతుల్తో మా అందరికీ అన్నం పెట్టేడు.”

నాకు సంతోషం వెయ్యాలి.

నూకాలమ్మ తల్లీ, నాకెందుకు సంతోషం వెయ్యడం లేదు?

మార్చి 17, సోమవారం

టీ చల్లార్చి ఇచ్చాను.

మార్చి 18, మంగళవారం

మధ్యాహ్నం మీ నాన్నకి అంతా చెప్పాను. పని ఎక్కడో, ఎందుకో. పెనం సంగతి మాత్రం చెప్పలేదు, నోటితో చెప్తే నమ్మడు. “గునపం తే,” అన్నాను.

ఆయన కళ్ళు ఎర్రగా అయిపోయాయి. “ఆణ్ణేనా?”

“రా.”

ఆటోలో గునపం కాళ్ళ కింద పెట్టుకుని వెళ్ళాం. ఆయన దవడ కదులుతోంది. చిన్నారి మమ్మల్ని చూసి బెదిరిపోయింది గాని వీధి గేటు తీసింది. నాలుగు దాటింది. ముసలాణ్ణి కట్టేసి ఉన్నారు. మీ నాన్న వాణ్ణి అదే మొదటిసారి చూడడం. గునపం రెండు చేతులతో పైకెత్తాడు. కుట్లు విప్పిన చెయ్యి మళ్ళీ చిట్లి రక్తం కారుతోంది.

“ఆగు!” అని మధ్యలో నిలబడ్డాను. “ముందు నువ్వు సూడాలి. ఎల్లి ఆ పైమెట్టు మీద నిలబడు. గోడ ఊచ గట్టిగా పట్టుకో. నన్ను పట్టుకో.”

“నిన్నా? ఏటే నీకు పిచ్చెక్కిందేటి?”

“నిలబడు!”

ఆయన నిలబడ్డాడు. నేను ముసలాడి కట్లు విప్పాను. జుట్టు ముడి విప్పుకున్నాను. ఆ మెరిసే రాయి మీద కాలు పెట్టాను.

మళ్ళీ అదే. జుట్టు మొదలంటా నొప్పి, అదే కేక. “పెనం! పడిపోతావే గుంటా!” నన్ను వెనక్కి విసిరాడు. మీ నాన్న గుండెల మీద పడ్డాను. ఇద్దరం ఒక మెట్టు జారాం, ఊచ పట్టుకుని ఆగాం. వాడు మోకాళ్ళ మీద వచ్చి నా పాదాలు పట్టుకున్నాడు. ఊదుతున్నాడు. “కాలిందేటి? సెప్పవే, కాలిందేటి?”

మీ నాన్న గుండె నా వీపుకి కొట్టుకుంటోంది. ఆయనకీ తెలుసు గున్నూ. ఆయన మాత్రం పెనాల దగ్గర పని చెయ్యలేదా?

“మన గుంటకి కూడా... కాల్లు సూసేడు,” అన్నాడు. “కెమెరాలో. మెట్లు దిగి ఎల్లి కాల్లు పట్టుకున్నాడు. నాను ఈడ్సుకుపోడానికి అనుకున్నాను.”

అప్పుడు అరిచాను. ఫణీంద్ర గారు, చిన్నారి, అందరూ వచ్చేశారు. వాళ్ళందరికీ వినబడేలా అరిచాను. “నాను మోదమ్మని కాదు. ఆ పిల్ల తల్లిని. కాసులమ్మని. ఈడు నా పిల్లని సంపలేదు. పెనంలో పడిపోతందని ఎనక్కి ఇసిరేడు. ఎనక పిప్పి కుప్పుందనుకున్నాడు. మీ ఇంట్లో ఎనక పిప్పి కుప్ప నేదు, మెట్లున్నాయి!”

గునపం తీసుకుని ఆ రాయి మధ్యలో పొడిచాను. మొదటి దెబ్బకి ఏమీ కాలేదు, నా భుజాలు అదిరిపోయాయి. రెండో దెబ్బకి గీత పడింది. నీ పేరు పెట్టి కొట్టాను. మూడోది మీ నాన్న లాక్కుని కొట్టాడు. రాయి పగిలిన చప్పుడు వింటూ, నీ తల పగిలిన చప్పుడూ ఇలాగే ఉండుంటుంది అనుకున్నాను. పెచ్చులెగిరి నా చెంప తెగింది. ఆపలేదు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం కొట్టాం. మీ నాన్న రక్తం పిడి మీద జారుతోంది. ఎండ పడినచోటల్లా కొట్టాం, ఎక్కడా మెరవకుండా ఉండేదాకా.

“పోలీసుల్ని పిలవనా?” అంటున్నారు ఫణీంద్ర గారు సుచిత్ర గారికి ఫోన్ చేసి. ఆవిడ స్పీకర్లోంచి అన్న మాట అందరికీ వినబడింది. “పిలవండి. ఈ రాయి తియ్యమని నేను రెండు వారాల క్రితమే ఎందుకు చెప్పానో వాళ్ళకీ చెప్తాను.”

ఎవరినీ పిలవలేదు.

ముసలాడు కుర్చీలో కూర్చుని ఆ పెంకుల కుప్పని చాలాసేపు చూశాడు. భుజాలు దిగిపోయాయి. “పెనం దింపేసేరు,” అన్నాడు. “ఈయేల్టికి ఐపోయింది.”

మార్చి 20, గురువారం

చెంప మీద గాయం బాగానే ఉంది. ఏడుపు ఇప్పుడొచ్చింది. నీ జడకి కట్టే రబ్బరు బ్యాండు మంచం కింద దొరికింది. ఇంక రాయలేను.

మార్చి 25, మంగళవారం

మేడ మీద నేలంతా ఒకే రంగు గరుకు సిమెంటు చేశారు. మెరవదు. మెట్లకి చెక్క గేటు పెట్టారు. బాత్రూం తలుపుకి పచ్చ రంగేశారు, కామేశ్వరమ్మ గారు దాన్ని చూసి “మా గోడౌను తలుపిక్కడికి ఎవరు తెచ్చారు?” అని తగువేసుకుని, చివరికి లోపలికి వెళ్ళొచ్చింది. సుచిత్ర గారు వచ్చి మళ్ళీ ఆ పసుపు అద్దాలు పెట్టుకుని తిరిగారు. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని నిలబడ్డారు.

సత్తియ్యని పంపలేదు. నేను అతన్ని క్షమించానని అనుకోకు. అతన్ని చూస్తే ఇప్పటికీ నా చేతులు బిగుసుకుంటాయి. ఆకలేస్తే పెడుతున్నాను, అంతే.

ఈ రోజు నాలుగింటికి కట్టలేదు. చిన్నారి చీపురు పట్టుకుని హాలు మధ్యలోంచి ఇటునుంచి అటు నడిచింది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. అతను లేచాడు. నేల వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు. ధనరాజ్ తెచ్చిన బెల్లం ముక్క కాగితంలోంచి తీసి రెండుగా విరిచి, పెద్ద ముక్క నాకు చాపాడు.

“తీస్కో. వంటయ్యేక, ముందు పిప్పి మోసినోలకి పెట్టాల. నీ గుంటకి కూడా అట్టుకెల్లు. ఇంటికాడ గుంట ఉంది కదేటి నీకు?”

“ఉంది,” అన్నాను.

కొంగున కట్టుకుని తెచ్చాను. మీ నాన్న చిన్న ముక్క నోట్లో వేసుకున్నాడు. రేపటి నుంచి బస్సు తోలడానికి పోతాడంట. మిగిలింది నీ ఫొటో దగ్గర కంచంలో పెట్టాను, పక్కన అన్నం, నీకిష్టమైన చేపల పులుసు. ఇప్పుడు నీకు డ్యూటీ లేదు, టైమైపోలేదు, ఎవరూ పిలవరు. సగం కంచం వదిలి లేవకు గున్నూ. కూర్చుని బాగా తిను.